విడాకుల తర్వాత చర్చి ట్రిబ్యునల్‌కు వెళ్లడం ఎలా? ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక) కుటుంబాల కోసం

కోర్టు విడాకులు ఇచ్చేసింది. డిక్రీ కాపీ చేతికొచ్చింది. ఇంట్లోవాళ్లు మళ్లీ సంబంధాలు చూస్తున్నారు. తీరా విచారణ గురువు (మన గుడి ఫాదర్) దగ్గరికి వెళ్తే, "మొదటి పెళ్లి సంగతి ట్రిబ్యునల్‌లో తేలాలమ్మా" అంటారు. ట్రిబ్యునల్ అంటే పెళ్లి చెల్లుతుందో లేదో తేల్చే చర్చి కోర్టు. చాలామంది అక్కడే నీరుగారిపోతారు. ఇంకో కోర్టా, మళ్లీ వాయిదాలా, ఆ పాత గొడవంతా మళ్లీ చెప్పుకోవాలా అని భయం. కొందరు అక్కడితో వదిలేసి ఏ రిజిస్టర్ ఆఫీసులోనో పెళ్లి చేసుకుంటారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆదివారం పూజకు వచ్చి, సత్ప్రసాదం వేళకు తలదించుకుని వెనక బెంచీలోనే ఉండిపోతారు. దారి తెలియకే అలా జరుగుతోంది. మీ విషయంలో అలా కాకూడదు.

ముందుగా ఒక మాట. విడాకులు తీసుకున్నంత మాత్రాన మీరు చర్చికి దూరమైపోలేదు. మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఉన్నవాళ్లు అందరిలాగే పాపసంకీర్తనం చేసి సత్ప్రసాదం తీసుకోవచ్చు. "విడాకులైనవాళ్లు లోకొనకూడదు" అని గుడి పెద్దలో, పక్కింటివాళ్లో అంటే నమ్మకండి. చిక్కు వచ్చేది మరో పెళ్లి అనుకున్నప్పుడే.

ట్రిబ్యునల్ అడిగే ప్రశ్న వేరు

సివిల్ కోర్టు చూసేది మీ కాపురం ఎలా చెడింది, ఎవరు ఎవర్ని బాధపెట్టారు, ఇద్దరూ విడిపోవడానికి ఒప్పుకున్నారా అన్నది. ట్రిబ్యునల్ చూసేది పెళ్లి రోజును. ఆ రోజు ఫాదర్ ముందు "ఒప్పుకుంటున్నాను" అన్నప్పుడు ఆ ఒప్పుకోలు నిజంగా, స్వేచ్ఛగా, పూర్తిగా ఇచ్చారా? ఇవ్వగల స్థితిలో ఇద్దరూ ఉన్నారా? చర్చి చట్టం ప్రకారం పెళ్లిని పెళ్లి చేసేది ఆ ఒప్పుకోలే. అది మొదట్లోనే లోపభూయిష్టంగా ఉందని రుజువైతే, ఆ వివాహం మొదటినుంచీ చెల్లలేదని ట్రిబ్యునల్ ప్రకటిస్తుంది. రుజువు కాకపోతే, ఎంత ఘోరంగా విడిపోయినా, ఆ పెళ్లి చెల్లినట్టే లెక్క.

ఈ ఒక్క సంగతి మనసులో నాటుకుంటే సగం టెన్షన్ పోతుంది. దరఖాస్తు రాసేటప్పుడు, సాక్షుల్ని ఎంచుకునేటప్పుడు, విచారణలో జవాబు చెప్పేటప్పుడు మీరు పట్టుకోవాల్సిన తాడు ఇదే.

ఇంకో భయం పిల్లల గురించి. పెళ్లి చెల్లదంటే పిల్లలు అక్రమ సంతానం అవుతారేమోనని తల్లులు కుమిలిపోతుంటారు. కారు. చెల్లుతుందన్న నమ్మకంతో చేసుకున్న పెళ్లిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని చర్చి చట్టంలోని కానన్ (నియమం) 1137 సూటిగా చెబుతోంది. వాళ్ల జ్ఞానస్నానానికి, ఆస్తి హక్కుకు, ఇంటిపేరుకు ఏమీ కాదు. భరణం, పిల్లల కస్టడీ, కట్నం కేసులు సివిల్ కోర్టు పరిధిలోవి. వాటిలో ట్రిబ్యునల్ వేలు పెట్టదు.

కోర్టు డిక్రీ తప్పనిసరిగా ఉండాలి

ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది కదా, ఇక కోర్టు విడాకులు ఎందుకు అనుకునేవాళ్లూ ఉన్నారు. ఇది ప్రమాదం. చర్చి ఇచ్చే తీర్పుకు మన దేశ చట్టంలో విలువ లేదు. 1996లో మోలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే చెప్పింది. చర్చి ట్రిబ్యునల్ తీర్పుతో సివిల్ చట్టం దృష్టిలో మొదటి పెళ్లి రద్దు కాదు. ఆ ధైర్యంతో మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి చెల్లదు, పైగా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద కేసు కూడా పడొచ్చు. క్రైస్తవుల విడాకులకు 1869 నాటి చట్టం ఉంది. 2001 సవరణ తర్వాత పరస్పర అంగీకారంతో కూడా తీసుకునే వీలొచ్చింది. డిక్రీ సర్టిఫైడ్ కాపీ తీసుకుని, అప్పీలు గడువు దాటిపోయిందని మీ లాయరు చేత ఖాయం చేయించుకోండి. రెండు కాగితాలూ ఉంటేనే మీరు రెండు విధాలా నిశ్చింతగా ఉండగలరు.

మీ కేసు ఏ రకమో తేల్చుకోండి

మొదట మీ విచారణ గురువును కలవండి. ఆదివారం పూజ తర్వాత హడావుడిలో కాకుండా, ఫోన్ చేసి టైమ్ అడిగి వెళ్లండి. మొహమాటం అనిపిస్తే పక్క విచారణ ఫాదర్‌నైనా, మేత్రాసన (బిషప్ గారి పాలనా ప్రాంతం) కార్యాలయంలో ట్రిబ్యునల్ చూసే ఫాదర్‌నైనా నేరుగా అడగొచ్చు. అందులో తప్పేమీ లేదు.

కొన్ని కేసులు కాగితాల మీదే తేలిపోతాయి. మీరు కతోలికులై ఉండి మొదటి పెళ్లి ఏ అనుమతీ లేకుండా రిజిస్టర్ ఆఫీసులోనో, హిందూ దేవాలయంలోనో, ఇంకో సంఘం పాస్టర్ గారి దగ్గరో జరిగి, ఆ తర్వాత ఎప్పుడూ మన గుడిలో సరిచేయించుకోలేదనుకోండి. అప్పుడు చర్చి కోరే పద్ధతిలో ఆ పెళ్లి జరగనే లేదు. జ్ఞానస్నాన సర్టిఫికెట్, ఆ పెళ్లి రుజువు, డిక్రీ చూపిస్తే సాధారణంగా పెద్ద విచారణ అవసరముండదు. జ్ఞానస్నానం లేని హిందువును గానీ ముస్లింను గానీ బిషప్ గారి మినహాయింపు లేకుండా చేసుకున్న పెళ్లీ అంతే. అయితే పెళ్లికి నాలుగు రోజుల ముందు అబ్బాయికో అమ్మాయికో జ్ఞానస్నానం ఇప్పించడం మనవైపు ఉన్నదే. అది రిజిస్టర్లో ఉంటే లెక్క మారిపోతుంది. ఆ సంగతి దాచకండి.

మేనరికాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మేనమామను, మేనత్త కొడుకును చేసుకోవడం మనకు మామూలు. చర్చి చట్టంలో మాత్రం అది అడ్డంకి. కానన్ 1091 ప్రకారం మేనమామ-మేనకోడలు మూడో తరగతి, బావామరదళ్లు నాలుగో తరగతి రక్తసంబంధం కిందికి వస్తారు. బిషప్ గారి కార్యాలయం మినహాయింపు ఇస్తేనే ఆ పెళ్లి చెల్లుతుంది. ఫాదర్లు మామూలుగా జాగ్రత్తగా అడిగి ఆ కాగితం తెప్పిస్తారు. కానీ ఆలస్యమవుతుందన్న తొందరలో "ఏదో దూరపు చుట్టరికం ఫాదర్" అని చెప్పి చేయించేసిన పెళ్లిళ్లూ ఉన్నాయి. మీది మేనరికమైతే, పెళ్లి జరిగిన విచారణలో పాత ఫైలు తీయించి మినహాయింపు పత్రం ఉందో లేదో చూడమని అడగండి. లేదని తేలితే మీ కేసు పత్రాల కేసు అవుతుంది, దారి చాలా దగ్గరవుతుంది. ఉందని తేలితే ఆ దారి మూసుకుపోయినట్టే, మిగతా కారణాలు చూసుకోవాలి.

మళ్లీ పెళ్లాడబోయే వ్యక్తి వైపూ చూడండి. ఆయన గానీ ఆమె గానీ కూడా విడాకులు తీసుకున్నవాళ్లే అయితే, వాళ్లు సి.ఎస్.ఐ. అయినా హిందువులైనా సరే, వాళ్ల మొదటి పెళ్లిని కూడా చర్చి పరిశీలిస్తుంది. "వాళ్లది మన గుడి పెళ్లి కాదుగా" అని వదిలేస్తే చివరి నిమిషంలో ఆగిపోతుంది.

మిగిలినవి ఒప్పుకోలు కేసులు. ఎక్కువగా వినబడే కారణాలు ఇవి. బలవంతం, భయం (కానన్ 1103): కొట్టి ఒప్పించడమే కాదు, తండ్రి మాట కాదనలేని తీవ్రమైన భయం కూడా ఇందులోకి రావచ్చు. మోసం (కానన్ 1098): ఒప్పించడానికని, కాపురాన్ని దెబ్బతీసేంత పెద్ద సంగతిని కావాలని దాచడం. పైకి సరేనంటూ లోపల తిరస్కరించడం (కానన్ 1101): పిల్లలు వద్దనో, ఒక్కరితోనే ఉండననో, నచ్చకపోతే వదిలేస్తాననో ముందే గట్టిగా నిశ్చయించుకోవడం. మానసిక కారణాలు (కానన్ 1095): పెళ్లంటే ఏమిటో బేరీజు వేసుకునే పరిపక్వత తీవ్రంగా లోపించడం, లేదా తీవ్ర మానసిక కారణాల వల్ల ఆ బాధ్యతలు మోయలేకపోవడం. ఇవి కాక, ఒప్పుకోలుతో పనిలేకుండా విడిగా అడ్డంకిగా నిలిచేది ఒకటుంది: పెళ్లినాటికే ఉండి, నయం కాని నపుంసకత్వం (కానన్ 1084). వీటిలో మీది ఏదో మీరే తేల్చనక్కర్లేదు. మీ కథ విన్నాక ట్రిబ్యునల్ ఫాదర్ చెబుతారు.

ఏ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి?

పోప్ ఫ్రాన్సిస్ 2015లో చేసిన మార్పులతో ఇది సులువైంది. పెళ్లి జరిగిన మేత్రాసనంలోనైనా, మీరు గానీ అవతలివాళ్లు గానీ కాపురముంటున్న చోటైనా, ఎక్కువ సాక్ష్యాలు దొరికే చోటైనా వేయొచ్చు. గుంటూరు వైపు పెళ్లి జరిగి మీరిప్పుడు డల్లాస్‌లో స్థిరపడి ఉంటే, అక్కడి ట్రిబ్యునల్‌లోనే దరఖాస్తు ఇవ్వొచ్చు. నా సలహా అడిగితే, సాక్షులంతా ఊళ్లోనే ఉన్నప్పుడు ఇక్కడ వేయడమే మేలు. మీ అమ్మమ్మ, మీ ఊరి ఉపదేశి తెలుగులో చెప్పింది తెలుగు ఫాదర్ విన్నప్పుడు అందే అర్థం అనువాదంలో అందదు. కేరళకు చెందిన సీరో మలబార్ కతోలిక సభవాళ్లకు వాళ్ల చట్టం, వాళ్ల ట్రిబ్యునల్ వేరుగా ఉంటాయి. మీ భర్తో భార్యో కేరళ కుటుంబమైతే ఈ సంగతి మొదటిరోజే చెప్పండి.

కాగితాలు

జ్ఞానస్నాన సర్టిఫికెట్ పాతది పనికిరాదు, కొత్తగా తీయించాలి. చర్చి వివాహ సర్టిఫికెట్, కోర్టు డిక్రీ, ఆధార్, పెళ్లి ఫోటోలు, ఉంటే పాత ఉత్తరాలు, మెసేజ్‌లు, డాక్టర్ రిపోర్టులు. జ్ఞానస్నాన రిజిస్టర్లో ఆరోగ్యమ్మ అని, బడి సర్టిఫికెట్లో వేరే పేరు ఉండటం మనలో మామూలే. ఇద్దరూ ఒకరేనని విచారణ గురువు చేత ఒక ధృవీకరణ రాయించి పెట్టుకోండి.

దరఖాస్తు రాయడం: అసలు పని ఇదే

ఎక్కువ కేసులు బలహీనపడేది ఇక్కడే. కోర్టులో వేసిన పిటిషన్‌నే తిరగరాసి ఇచ్చేస్తారు. ఉదాహరణకు ఇలా:

"నా భర్త తాగుబోతు. రోజూ కొట్టేవాడు. మా అత్తగారు నన్ను ఇంట్లోంచి గెంటేసింది. ఆయనకు వేరే ఆవిడతో సంబంధం ఉంది. కాబట్టి ఈ పెళ్లి రద్దు చేయగలరు."

ఇందులో ప్రతి మాటా నిజమే కావచ్చు. కానీ ఇదంతా పెళ్లి తర్వాత జరిగిన కథ. పెళ్లి రోజు గురించి ఒక్క ముక్క లేదు. అదే మనిషి అదే కథను ఇలా చెప్పిందనుకోండి:

"చూపులు ఏప్రిల్‌లో, పెళ్లి మే నెలలో. మధ్యలో ఆయనతో విడిగా మాట్లాడింది ఒక్కసారే. అడిగినదానికి అవును, కాదు అన్నారు తప్ప తలెత్తి చూడలేదు. సిగ్గనుకున్నాను. పెళ్లయిన మూడో రోజు రాత్రి ఆయనే చెప్పారు: ఆఫీసులో ఒకమ్మాయిని ప్రేమించానని, వాళ్లమ్మ పురుగుల మందు డబ్బా దగ్గర పెట్టుకుని కూర్చుంటే తలూపానని, నాతో కాపురం చేస్తానని ఎప్పుడూ అనుకోలేదని. ఈ సంగతి పెళ్లికి ముందే ఆయన అక్కకు తెలుసు. పెళ్లి ముందురోజు ఆయన ఇంట్లోంచి వెళ్లిపోతే బావగారు బస్టాండు నుంచి వెనక్కి తెచ్చారు. తాగుడు ఆ నెలలోనే మొదలైంది."

ఇప్పుడు ట్రిబ్యునల్ చేతికి పట్టు దొరికింది. ఒప్పుకోలు మీద బలమైన అనుమానం వచ్చింది. ఇద్దరు సాక్షులు బయటపడ్డారు. తాగుడు, వేరే సంబంధం కూడా ఇప్పుడు ఆ మొదటి లోపానికి రుజువుగా నిలబడుతున్నాయి.

మీరూ ఇలాగే కూర్చుని, పెళ్లికి ముందు ఏడాది నుంచి మొదలుపెట్టండి. సంబంధం ఎవరు తెచ్చారు, మిమ్మల్ని అడిగారా, వద్దని ఎప్పుడైనా అన్నారా, అంటే ఎవరు ఏమన్నారు, చెల్లెలి పెళ్లి ఆగిపోతుందని తొందరపెట్టారా, పెళ్లి ట్రైనింగ్ తరగతులకు ఇద్దరూ వెళ్లారా, పెళ్లి రోజు మీరు ఎలా ఉన్నారు, అవతలి మనిషి ఎలా ఉన్నారు, మొదటి నెల ఎలా గడిచింది. తేదీలు గుర్తు లేకపోతే "క్రిస్మస్ తర్వాత", "మొక్కజొన్న కోతలప్పుడు" అని రాసినా చాలు. తిట్లు, విశేషణాలు వద్దు. చూసింది, విన్నది రాయండి. మీ వైపు లోపం కూడా రాయండి. ఇష్టం లేని పెళ్లికి తలవంచింది మీరే అయితే ఆ మాట చెప్పండి. ఒప్పుకోలులో లోపం ఎవరి వైపు ఉన్నా పెళ్లి చెల్లదు, కాబట్టి దాచుకోవాల్సిన పనిలేదు.

లేని కారణం కల్పించమని ఎవరైనా సలహా ఇస్తే ఆ సలహాకు దూరంగా ఉండండి. మీరు చెప్పేది దేవుని ఎదుట ప్రమాణం చేసి చెప్పే మాట. అబద్ధం మీద తెచ్చుకున్న తీర్పుతో మీ మనస్సాక్షికి శాంతి రాదు.

సాక్షులు

విడాకుల గొడవ చూసినవాళ్లకన్నా పెళ్లికి ముందు మిమ్మల్ని ఎరిగినవాళ్లు విలువైనవాళ్లు. హాస్టల్లో మీతో ఉన్న స్నేహితురాలు, పెళ్లి మాటల్లో కూర్చున్న పెదనాన్న, మీరు ఏడుస్తూ చెప్పుకున్న సిస్టరమ్మ. ముగ్గురు నలుగురు గట్టిగా తెలిసినవాళ్లు దొరికితే మంచిది. ముందే వాళ్లతో మాట్లాడి ఒప్పుకున్నాకే పేర్లివ్వండి. ఏం చెప్పాలో మాత్రం నేర్పకండి. అందరూ ఒకే వాక్యం అప్పజెబితే వినేవాళ్లకు తెలిసిపోతుంది. సాక్షులు తక్కువున్నారని నిరుత్సాహపడకండి. మీ నిజాయితీ గురించి చెప్పగలవాళ్లు ఉండి, మిగతా ఆధారాలు తోడైతే మీ వాంగ్మూలానికే పూర్తి బలం రావచ్చని కొత్త నియమాలు ఒప్పుకున్నాయి.

అవతలివాళ్లకు నోటీసు వెళ్తుంది

ఇది చాలామందికి నచ్చదు. కానీ తప్పదు. అది వాళ్ల పెళ్లి కూడా. దరఖాస్తు కాపీ వాళ్లకు పంపి జవాబుకు 15 రోజులు ఇస్తారు. వాళ్లు ఒప్పుకోకపోయినా, అసలు జవాబే ఇవ్వకపోయినా కేసు ఆగిపోదు. వాళ్ల సంతకం మీకు అవసరం లేదు, సరైన అడ్రస్ మాత్రం అవసరం. కోపంతో తప్పు అడ్రస్ ఇస్తే తర్వాత తీర్పే చిక్కుల్లో పడుతుంది.

మిమ్మల్ని, వాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి అడగరు. ఒకరి విచారణలో ఇంకొకరు ఉండరు. కొట్టిన మనిషి అయితే, బెదిరింపులు ఉంటే, మీ ప్రస్తుత అడ్రస్ బయటికి తెలియకూడదంటే మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పండి. వేరే తేదీ, వేరే సమయం అడగండి. అయితే ఒకటి తెలిసి ఉండండి: తీర్పుకు ముందు సాక్ష్యాలను రెండు వైపులా చూసే హక్కు ఉంటుంది. మీరు రాసింది వాళ్లు చదువుతారనుకునే రాయండి.

ఇద్దరూ కలిసి అడిగితే, లేదా ఒకరు అడిగినదానికి రెండోవాళ్లు సమ్మతిస్తే, పైగా లోపం కళ్లకు కట్టినట్టు ఉంటే, 2015 మార్పులతో వచ్చిన చిన్న దారి ఉంది. అందులో బిషప్ గారే స్వయంగా తీర్పిస్తారు. విడిపోయినా మర్యాదగా మాట్లాడుకునే స్థితిలో ఉంటే, ఈ సంగతి ఒక పెద్దమనిషి ద్వారా అవతలివాళ్లకు చెప్పించి చూడండి.

విచారణ, తీర్పు

మామూలు దారిలో ముగ్గురు జడ్జిలు ఉంటారు, కుదరని చోట ఒక ఫాదరే జడ్జిగా ఉండొచ్చు. డిఫెండర్ ఆఫ్ ద బాండ్ అని ఇంకొకరు ఉంటారు. పెళ్లి చెల్లుతుందని చెప్పదగిన వాదనలన్నీ ముందు పెట్టడం ఆయన బాధ్యత. గుచ్చి గుచ్చి అడిగితే మీ మీద పగ అనుకోకండి. మానసిక కారణాల కేసుల్లో సైకాలజిస్టు దగ్గరికి పంపుతారు. అడగడానికి బిడియపడే ప్రశ్నలు వస్తాయి: పడకగది గురించి, గర్భం గురించి. కావాలంటే గుక్కెడు నీళ్లు తాగి, సమయం తీసుకుని చెప్పండి. తెలియనిదానికి తెలియదనండి.

మొదటి దశను ఏడాదిలోపు ముగించాలని నియమం. నోటీసులు తిరిగొచ్చినా, సాక్షులు వాయిదాలు అడిగినా ఇంకా పట్టొచ్చు. అందుకే తీర్పు చేతికి రాకుండా ముహూర్తం పెట్టుకోకండి, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇవ్వకండి. "మీది తప్పకుండా అయిపోతుంది" అని ఏ ఫాదరూ మాటివ్వలేరు. ఫీజు ఎంతో మొదటే అడగండి. మేత్రాసనాన్ని బట్టి మారుతుంది. ఇచ్చుకోలేకపోతే విచారణ గురువు చేత లెటర్ రాయించండి. సాధ్యమైనంతవరకు ఈ సేవ ఉచితంగా అందాలన్నదే పోప్ ఫ్రాన్సిస్ ఆదేశం. డబ్బు లేదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు.

ఇదివరకు అనుకూల తీర్పు వచ్చినా రెండో ట్రిబ్యునల్ ఖాయం చేయాల్సివచ్చేది. 2015 డిసెంబరు 8 నుంచి ఆ నిబంధన పోయింది. తీర్పు అందాక 15 రోజుల్లో ఎవరూ అప్పీలు చేయకపోతే అదే అమల్లోకి వస్తుంది. ప్రతికూలంగా వస్తే మీకూ అదే 15 రోజుల గడువు. ఏడ్చి కూర్చోకుండా ఆ వారంలోనే మీ తరఫున చూస్తున్నవారిని కలిసి, ఎందుకు రుజువు కాలేదో తీర్పు చదివించుకోండి. చాలాసార్లు అందులోనే ఏ సాక్ష్యం తక్కువైందో ఉంటుంది.

తీర్పు వచ్చాక

కాగితం చివరిదాకా చదవండి. కొన్ని తీర్పుల్లో, ఇద్దరిలో ఎవరో ఒకరు బిషప్ గారిని సంప్రదించకుండా మళ్లీ పెళ్లి చేసుకోకూడదని నిషేధం రాస్తారు. లోపం ఇంకా ఉందేమోనన్న అనుమానంతో, రాబోయే మనిషిని కాపాడటానికి పెట్టేది అది. మీ పేరు మీద ఉంటే కౌన్సెలింగ్ పూర్తిచేసి తొలగించమని అడగాలి.

ఆ తర్వాత ట్రిబ్యునల్ తీర్పు సంగతి పెళ్లి జరిగిన విచారణకు, జ్ఞానస్నానం జరిగిన విచారణకు వెళ్లి, రెండు రిజిస్టర్లలోనూ నమోదు కావాలి. దానంతటదే అయిపోతుందని వదిలేయకండి. జ్ఞానస్నానం పొందిన విచారణ నుంచి మళ్లీ ఒక సర్టిఫికెట్ తెప్పించుకుని, ఆ నోటు పడిందో లేదో చూసుకోండి. పడకపోతే తీర్పు నకలు పట్టుకెళ్లి అక్కడి ఫాదర్‌కు చూపించి రాయించండి. ఆ సర్టిఫికెట్, ట్రిబ్యునల్ తీర్పు, కోర్టు డిక్రీ మూడూ ఒక ఫైల్లో పెట్టుకుని, అప్పుడు గుడిలో పెళ్లి చాటింపులకు పేర్లివ్వండి.